కొండ ఎక్కనివాళ్లకూ ఒక అడవిదారి

కర్ణాటక అటవీ శాఖ ఉన్నతాధికారులకు, అందులోనూ చిక్కబళ్లాపురం అటవీ విభాగం బాధ్యతలు చూస్తున్నవారికి,



మీ లెక్కల్లో అడవికి వచ్చే మనుషులు రెండే రకాలుగా కనిపిస్తున్నారు. అరణ్య విహార వెబ్‌సైట్‌లో పేరు, గుర్తింపు కార్డు వివరాలు నమోదు చేసి, డబ్బు కట్టి శిఖరం ఎక్కడానికి వచ్చేవాళ్లు ఒక రకం. అవేమీ చేయకుండా అడుగుపెట్టిన దొంగచాటు మనుషులు రెండో రకం. డెబ్బై దాటిన తండ్రిని వెంటబెట్టుకుని, ఏ కొండా ఎక్కే ఉద్దేశం లేకుండా, చెట్ల మధ్య ఒక గంట నడిచి ఇంటికి పోయే కూతురిని ఈ రెండింటిలో ఎక్కడ రాసుకుంటారు?

2024 జనవరిలో గణతంత్ర దినోత్సవం వారాంతంతో కలిసి వచ్చింది. పడమటి కనుమల్లోని కుమార పర్వతం దారిలో వేలమంది కిక్కిరిసిపోయారు. ఆ ఫోటోలు చూసినవాళ్లెవరూ మీ శాఖ కలగజేసుకోవడాన్ని తప్పుపట్టరు. ఆన్‌లైన్ బుకింగ్ లేనిచోట ట్రెక్కింగ్ ఆపేయమని మంత్రి ఈశ్వర్ ఖండ్రే ఆదేశించారు. అదే ఏడు అక్టోబరులో అరణ్య విహార మొదలైంది. దారికి రోజుకు 300 మంది అని హద్దు పెట్టారు. కుమార పర్వతం గడ్డిమైదానాలకు ఆ హద్దు కావలసిందే. దాని మీద నాకు తగవు లేదు. పడమటి కనుమల రోగానికి రాసిన మందును మా ఎండుగుట్టలకూ అదే మోతాదులో పోశారన్నదే నా ఫిర్యాదు.

చింతామణి పక్కన కంపచెట్ల నడుమ చదునైన కాలిబాటలో తండ్రీకూతుళ్లు మెల్లగా నడిస్తే అది ట్రెక్కింగేనా? కాదంటారా, అయితే ఆ మాట మీ ఉత్తర్వుల్లో, మీ బోర్డుల మీద, మీ వెబ్‌సైట్‌లో మాకు కనిపించేలా ఎక్కడ రాశారు? కర్ణాటక అటవీ చట్టం, 1963 ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోవడం నేరం. చట్టం అంత గట్టిగా ఉన్నప్పుడు అనుమతి ఎక్కడ దొరుకుతుందో కూడా అంతే తేటగా తెలియాలి కదా? అనుమతి ఇచ్చే తలుపును సెల్‌ఫోన్‌లో ఒకచోట పెట్టి, దాన్నీ శిఖరాలకు పోయేవాళ్లకే తెరిచి ఉంచితే, మిగతావాళ్లు పశువులు మేసే గోమాళంలోనూ ఊరితోపైన గుండుతోపులోనూ తిరిగి, అడవి అంచు చూసి వెనక్కి రావలసిందేనా?

మా నాయనా నేనూ చేస్తున్నది అదే. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సెలవు దొరికినప్పుడు చింతామణి వస్తాను. ఆయన పనిచేసినన్నాళ్లూ పట్టుపురుగులు మేపి, గూళ్లు మూటగట్టుకుని శిడ్లఘట్ట మార్కెట్టుకు తీసుకుపోయిన మనిషి. ఇప్పుడు తోటా లేదు, పురుగుల ఇల్లూ లేదు. మోకాళ్లు పట్టేస్తాయి. నడవమని డాక్టరు చెప్పాడు. పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని తయారవుతాడు. ఊరిబయట రోడ్డు దాటి చెట్లలోకి దిగితే చాలు, ఇంట్లో పది మాటలు మాట్లాడని మనిషికి నోరు విచ్చుకుంటుంది.

మా అడవి క్యాలెండర్ల మీద అచ్చు వేసే అడవి కాదని నాకు తెలుసు. నడుము ఎత్తు పొదలు, ఏనుగుల గుంపులా పడి ఉన్న బండలు, వాటి సందుల్లో పట్టిన నాలుగు వానచుక్కలతో బతికే చెట్లు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు కారు అద్దంలోంచి చూసి 'ఇక్కడేముంది' అంటారు. ఏముందో మా నాయన చెప్తాడు. ఇది బందారు, కొమ్మలు నరికి మళ్లలో తొక్కితే ఎరువు. ఇది తంగేడు, దీని పుల్లతో పళ్లు తోముకున్నవాడికి పేస్టు పని లేదు. కలివిపండ్లు ఎప్పుడు నల్లబడతాయో, వాటిని ఎన్ని తింటే నోరు బంకబంకగా అవుతుందో చెప్తాడు. ఏ బండ కింద నీటిచెమ్మ వేసవి దాకా ఉంటుందో, సీతాఫలం ఎందుకు బండల పక్కనే బాగా కాస్తుందో చెప్తాడు. పట్టుపురుగులు గూళ్లు కట్టే చంద్రికలకు వెదురు ఎలాంటిది కావాలో ఆయన చెప్పడం మొదలుపెడితే నడక ఆగిపోతుంది. కూర్చోవడానికి ఒక బండ వెతకాల్సిందే.

నీలగిరి తోపు వచ్చేసరికి మాత్రం తల తిప్పుకుంటాడు. ఒకప్పుడు మీ శాఖే ఊరూరా పెంచమన్న చెట్టు, 2017లో ప్రభుత్వమే కొత్తగా నాటవద్దన్న చెట్టు. దాని గురించి ఆయన అనే మాటలు బహిరంగ లేఖలో రాయదగ్గవి కావు.

అధికారులారా, మా నాయన చెప్పే ఈ చెట్ల చదువు ఎక్కడా పుస్తకాల్లో లేదు. కొన్నేళ్లు పోతే మనుషుల్లోనూ ఉండదు. తండ్రి నడిచి చూపితేనే బిడ్డకు వచ్చే చదువు ఇది. ఎవరి పక్కన నడవాలో వాళ్లు ఇంకా నడవగలిగిన రోజుల్లోనే నేర్చుకోవాలి. అడవిని కాపాడండని ప్రతి ఏడూ బడిపిల్లలతో ర్యాలీలు చేయిస్తారు కదా, ఆ పిల్లల్లో ఎందరు బందారును చూసి పేరు చెప్పగలరు? పేరు తెలియని చెట్టును నరికితే ఎవరికి బాధ కలుగుతుంది?

మా జిల్లా కొండలు తక్కువవేమీ కాదు. పెన్న, చిత్రావతి, పాపాగ్ని, అర్కావతి పుట్టింది నందికొండ చుట్టూ ఉన్న ఈ గుట్టల్లోనే. రాయలసీమలో చేలకు పారిన నీళ్లకు తొలి చెమ్మ ఇక్కడిది. దక్షిణాది రాతిగుట్టల పొదల్లో తప్ప ఎక్కడా బతకని పసుపు గొంతు పిగిలిపిట్ట నంది చుట్టుపక్కల కనిపిస్తుంది. దాన్ని చూడాలంటే శిఖరం ఎక్కనక్కర్లేదు. నోరు మూసుకుని, చప్పుడు లేకుండా నిలబడగలిగితే చాలు. అది ముసలివాళ్లకు చేతనైనంతగా పడుచువాళ్లకు చేతకాదు.

కానీ ఈ జిల్లాలో కొండ అంటే మీకూ, మీ పక్కనున్న పర్యాటక శాఖకూ ఒకటే అర్థం: నంది మీద సూర్యోదయం, స్కందగిరి మీద మబ్బులు. శనివారం రాత్రి నుంచే బెంగళూరు కార్లు బారులు తీరుతాయి. 2021 ఆగస్టులో కొండచరియ జారి నందికి పోయే ఆ ఒక్క రోడ్డు తెగిపోతే నెలల తరబడి కొండ మూతపడింది. అందరినీ ఒకే కొనకు ఎగబాకిస్తే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? మరి దాని తర్వాత ఏం చేశారు? 2023లో 90 కోట్ల రూపాయలకు పైబడిన రోప్‌వేకు శంకుస్థాపన చేశారు. 2025 జూలై 2న మంత్రివర్గమే నందికొండ మీద కొలువుదీరింది. బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని అక్కడే నిర్ణయించింది. కొండ మీద కూర్చుని ఒక ఊరి పేరే మార్చగలిగిన ప్రభుత్వానికి, కొండ కింద ఒక కాలిబాట గుర్తుకు రాలేదా? రోప్‌వే ఎక్కి పైకి పోయే ముసలమ్మకు కొండ కనిపిస్తుందేమో, అడవి మాత్రం కాళ్ల కింద నుంచి జారిపోతుంది.

ఇక భద్రత మాట. చిరుతలున్నాయి, ఎలుగుబంట్లున్నాయి, ఎవరికైనా ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి అంటారు. న్యాయమైన మాటే. చిరుత మాకేమీ చుట్టం కాదు. అయితే మీరు తిరుమల దారి చూడండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపేసింది. అంతకంటే ఘోరం ఏముంటుంది? అయినా ఆ దారి శాశ్వతంగా మూతపడలేదు. పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడవనివ్వలేదు. భక్తులను గుంపులుగా పంపారు. ఆంధ్ర అటవీ శాఖ బోన్లు పెట్టి చిరుతలను పట్టుకుంది. చేతికర్రలు పంచారు. కర్రలు చూసి నవ్వినవాళ్లు నవ్వారు, నడిచేవాళ్లు నడిచారు. అడవిలో దారి నడిపించాలన్న పట్టుదల ఉంటే ప్రమాదానికి పద్ధతులు దొరుకుతాయి. ఆ పట్టుదల లేకపోతే తాళం ఒక్కటే దొరుకుతుంది.

హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు ఉంది. ఉత్త పార్కు కాదు, 1998లో ప్రకటించిన జాతీయ ఉద్యానం. చట్టం లెక్కలో మా రిజర్వు అడవులకంటే కట్టుబాట్లు ఎక్కువ ఉన్న చోటు. అక్కడ రోజూ పొద్దునా సాయంత్రం రిటైరైనవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, మనవల చేతులు పట్టుకున్న తాతలు నడుస్తారు. గేటు దగ్గర టికెట్ కొంటారు. రోజూ వచ్చేవాళ్లకు పాసులున్నాయి. నెమళ్లు వాళ్ల ముందు నుంచే దాటిపోతాయి. జూబ్లీహిల్స్‌వాళ్లకు జాతీయ ఉద్యానంలో నడిచే వీలు ఉన్నప్పుడు, చింతామణివాళ్లకు సామాన్య రిజర్వు అడవి అంచున ఎందుకు ఉండకూడదు? మా కాళ్లేమైనా వేరే మట్టితో చేశారా?

మా జిల్లాలో జరిగిన ప్రమాదాన్నే తీసుకోండి. 2022 ఫిబ్రవరిలో బెంగళూరు విద్యార్థి ఒకడు నంది పక్కన బ్రహ్మగిరి బండల్లో జారిపడి ఇరుక్కున్నాడు. వాయుసేన హెలికాప్టర్ వచ్చి పైకి లాగింది. పిల్లవాడు బతికాడు, అదే పదివేలు. కానీ అలాంటి నిలువుబండల మీదికి పోయేదెవరు? మా నాయనలాంటివాళ్లా? సాహసం కోరేవాళ్లను అదుపు చేయడానికి పెట్టిన కట్టుదిట్టాలు, సాహసమనే మాటే తెలియని ముసలివాళ్ల కాళ్లకు ఎందుకు చుట్టుకోవాలి?

మా కొండలకు అసలు ముప్పు చెప్పులది కాదు, జిలెటిన్‌ది. 2021 ఫిబ్రవరిలో మా జిల్లాలోని హిరేనాగవల్లి దగ్గర క్వారీకి సంబంధించిన జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు చనిపోయారు. క్వారీలు గనుల శాఖవి, మా చేతిలో లేవంటారు. కాగితం మీద నిజమే. కానీ ఊరివాళ్ల కళ్లకు కనిపించేది వేరే. రాయి మోసుకుపోయే లారీకి గుట్టలోకి దారి ఉంటుంది, నడిచి వచ్చేవాడికి ఉండదు. ఏ శాఖ ఏ కాగితం మీద సంతకం పెట్టిందో మా నాయనకు తెలియదు. చిన్నప్పుడు తాను ఆవులు తోలుకుపోయిన గుట్ట ఒక పక్క తెల్లగా చీలిపోయి ఉండడం మాత్రం తెలుసు. రోజూ పదిమంది నడిచే గుట్టను చాటుగా తొలవడం అంత తేలికా? గంధంచెట్టు కొట్టేవాడికీ, వేసవిలో గడ్డికి నిప్పు పెట్టేవాడికీ మనుషులు తిరిగే దారి అంటే భయమే. మీకున్న గార్డులు ఎంతమంది, వాళ్లు కాయాల్సిన గుట్టలు ఎన్ని? జీతం అడగని కళ్లు దొరుకుతుంటే వద్దనుకోవడం ఏం లెక్క?

ఇందులో ఆరోగ్యం మాటా ఉంది. బాగేపల్లి చుట్టుపక్కల బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు. పళ్లు పచ్చబడినవాళ్లు, కీళ్లు బిగుసుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కాళ్లూ చేతులూ ఆడించండి, నడవండి అని ఆసుపత్రిలో చెప్పి పంపుతారు. ఎక్కడ నడవాలి? లారీలు హోరెత్తే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనా? చిన్న ఊళ్లలో పార్కులు లేవు, ఉన్నచోట తాళాలు, లేకపోతే పార్థీనియం. ఆడవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒంటరిగా చెట్లలోకి పోతే ఊరంతా కళ్లే. నాయన పక్కన ఉంటే నాకూ, నేను పక్కన ఉంటే ఆయనకూ ధైర్యం.

మరి మేము కోరేదేమిటి? చాలా చిన్నది. చిన్నది కాబట్టే మీ ప్రాజెక్టు నివేదికల్లో పట్టదేమో.

కైవారంతో మొదలుపెట్టండి. తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన మా కైవారం తాతయ్య, యోగి నారేయణులు, సంప్రదాయం చెప్పే లెక్కలో 1726లో పుట్టి 110 ఏళ్లు బతికినవారు. గాజులు అమ్ముకుని బతికిన మనిషి కొండగుహలో తపస్సు చేసి యోగి అయ్యారని మా ఇళ్లలో చెప్పుకుంటాం. ఈ రోజుల్లో అయితే ఆయన గాజుల మలారం భుజాన వేసుకుని గుహ ముందు నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడాల్సి వచ్చేదా? ఆ గుహ ఉన్న గుట్ట చుట్టూ, పాదాల దగ్గరే, పైకి ఎక్కకుండా తిరిగి వచ్చే ఒక దారి గుర్తించండి. అంబాజీ దుర్గం కింద కైలాసగిరి వైపు ఇంకొకటి. గుడిబండ కోటను ఏడు అంచెలూ దాటి ఎక్కే ఓపిక అందరికీ ఉండదు. కింద భైరసాగరం చెరువు అంచున చెట్లలో నడిచే వీలు చేస్తే అక్కడి నుంచే కోట అందం కనిపిస్తుంది. నిజానికి కోట కింద నుంచి చూడడానికే బాగుంటుంది, పైకి పోతే కనిపించేది చెరువే. బాగేపల్లికీ ఒకటి కావాలి. అది ఏ గుట్ట దగ్గరో ఆ ఊరివాళ్లను అడగండి. స్కందగిరి కింద కళవార వైపు కూడా, ఎక్కేవాళ్ల దారితో కలవకుండా, ఒక నడక ఉండాలి.

బుకింగ్ వద్దు. గేటు దగ్గర ఒక మనిషి, ఒక రిజిస్టర్, అయిదో పదో రూపాయల టికెట్. ఆ మనిషి ఊళ్లోవాడే అయితే మేలు. కర్ణాటకలో 1993 నుంచి గ్రామ అరణ్య సమితులున్నాయి కదా, చాలాచోట్ల కాగితం మీదే ఉన్నాయి కూడా. ఈ పని వాటికి అప్పజెప్పండి. టికెట్ డబ్బు ఊరికే ఉంచండి. పొద్దెక్కాక తెరవండి, సాయంత్రం వెలుతురుండగానే మూసేయండి. ఎలుగుబంటి జాడ కనిపిస్తే ఆ వారం ఆపేయండి. నిప్పు రగిలే వేసవి నెలల్లో పూర్తిగా మూసినా మేమేమీ అనం. అరవై దాటినవాళ్లతో వచ్చేవాళ్లకు వారాంతపు గుంపు లేని రోజులు ఇవ్వండి. లోపలికి పోయేటప్పుడు ప్లాస్టిక్ సంచి చూసి లాక్కోండి, మా నాయనదైనా సరే.

చేయకూడనివి కూడా చెప్తాను, ఎందుకంటే అక్కడే నాకు ఎక్కువ భయం. దారికి సిమెంటు వేయొద్దు. సిమెంటు జింక బొమ్మలు, పుట్టగొడుగు గొడుగులు, సెల్ఫీ చట్రాలు పెట్టొద్దు. గాజు వంతెన ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి నీళ్లు తాగి పడుకోమనండి. కూర్చోవడానికి బెంచీలు కూడా అక్కర్లేదు, మాకు బండలున్నాయి. ఒక మరుగుదొడ్డి మాత్రం కావాలి. నీళ్లతో.

ఇంత చిన్న కోరికకు వెబ్‌సైట్ ఎందుకు పనికిరాదో కూడా చెప్పాలి. మా నాయనకు కన్నడం చదవడం వచ్చు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, ఇంగ్లీషుకు నమస్కారం పెడతాడు. ఆయన ఫోను మీద నంబర్లు చెరిగిపోయాయి, వేలితో తడిమి నొక్కుతాడు. అలాంటి మనిషి పొద్దున లేచి ఈరోజు మోకాళ్లు బాగున్నాయి, నడుద్దాం అంటాడు. మోకాళ్ల బాగోగులు ముందురోజే తెలుసుకుని బుక్ చేసుకునే ఏర్పాటు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. నడకను తేదీకి కట్టేస్తే ట్రెక్కర్లు వస్తారు, ముసలివాళ్లు ఆగిపోతారు. మీరు కోరేది అదే అయితే ఆ మాట బయటికి చెప్పండి.

కాదంటే, ఈ వానలు వెనకబట్టి తంగేడు పూసేలోపు కైవారం దగ్గర ఆ మొదటి గేటు తెరవండి. తెరవలేమంటే ఎందుకు తెరవలేమో రాతపూర్వకంగా ఇవ్వండి. జవాబు కన్నడంలో పంపినా ఫరవాలేదు, మా నాయన గట్టిగా చదివి వినిపిస్తాడు. తర్వాత ఏమంటాడో అది మళ్లీ మీకు తెలుగులో రాస్తాను.

ఇట్లు,
చింతామణి తాలూకా నుంచి ఒక కూతురు